ఎదురుగా వచ్చే రైలు

మంజీర చెప్పే లెక్కల్లో రైళ్లు ఎప్పుడూ ఎదురెదురుగానే వస్తాయి. ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో తన ఫ్లాట్‌లో శనివారం పొద్దున పిల్లలకు ట్యూషన్ చెప్పేటప్పుడు, బోర్డుకు ఒక చివర రీడింగ్, మరో చివర గ్లాస్గో అని రాసి మధ్యలో గీత గీస్తుంది. రెండు వేగాలూ కలిపి, దూరాన్ని దాంతో భాగించి, రైళ్లు కలిసే చోట చుక్క పెట్టి, మార్కర్‌ను కాసేపు అలాగే ఆనించి ఉంచుతుంది. ఒకే దిక్కుకు పోయే రైళ్లయితే వేగాలు తీసివేయాలని చెప్పి గబగబా దాటేస్తుంది. భర్త నిశాంత్ గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, ఇద్దరూ చెరోవైపు నుంచి బయలుదేరి సగం దారిలో ప్రెస్టన్ స్టేషన్‌లో కలుసుకునేవాళ్లు. ఈమధ్య అంత దూరమూ ఆమె ఒక్కతే పోయివస్తోంది.

ఈ శనివారం పాఠం మధ్యలో ఫోన్ మోగింది. "వచ్చే వారం నేనే వస్తనన్న గానీ, మళ్ల డ్యూటీల రోటా మార్చిన్రు," అన్నాడు నిశాంత్. "సరే తియ్యి," అని ఫోన్ పెట్టేసి, బోర్డు మీద గ్లాస్గో రైలు వేగం చెరిపి సున్నా రాసింది.

"బట్ దట్స్ జస్ట్ వన్ ట్రెయిన్, ఆంటీ!" అంది ముందు కూర్చున్న అపూర్వ.

మంజీర ఆ సున్నాను కాసేపు చూసి, వేలితో తుడిచి, గంటకు ఐదు మైళ్లు అని రాసింది.

"ఫైవ్? నా సైకిల్ ఈజ్ ఫాస్టర్!" అంటూ నవ్వింది అపూర్వ.

"మెల్లగైతే ఏమాయె, వస్తున్నది గద," అంది మంజీర. "ఆ ఐదు గూడ కలుపుండ్రి."