సోములమ్మ తవ్వి చూసిన గొయ్యి
పెదబయలు దాటాక, కొండవాలులో సోములమ్మకు ఎకరం కాఫీ తోట ఉంది. మొగుడు పోయాక పన్నెండేళ్లుగా ఒక్కతే చూసుకుంటోంది. ఒకసారి ఎవరో మొక్కలిస్తామని వేలిముద్ర వేయించుకుని పోయారు, మళ్లీ రాలేదు. అప్పటినుంచి కాగితం పట్టుకుని కొండెక్కిన వాళ్లెవరినీ ఆమె నమ్మదు.

ఆ ఏడు వానలు అదను తప్పాయి. పూత మూడు విడతలుగా వచ్చింది. ఒకే కొమ్మ మీద పండూ, పచ్చికాయా, మొగ్గా ఉండేవి. కోతల ముందు కాయల కొసన సూది పొడిచినట్టు రంధ్రాలు కనిపించాయి. సోములమ్మకు మరిది యర్రయ్య మీద అనుమానం కలిగింది. పక్క తోట అతనిదే. ఈమధ్యే సంతలో పాత గోనెసంచులు కొని తెచ్చాడు.

"నీ సంచుల్లోనే వచ్చింది ఈ పురుగు," అంది గట్టు మీద నిలబడి.

"నా కాయలకీ పట్టింది కదా వదినా. ఏటి సేత్తాను?"

ఆమె అతనితో మాట్లాడటం మానేసింది.

వారం తర్వాత కాఫీ తోటలు చూసే ఆఫీసు నుంచి రమణి అనే ఉద్యోగిని ఇద్దరు కూలీలతో వచ్చింది. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దులిపెయ్యాలంది.

"దులిపి ఎక్కడికి పట్టుకుపోతారు?" అంది సోములమ్మ.

"ఎక్కడికీ కాదమ్మా. మరిగే నీళ్లలో ముంచి ఇక్కడే పాతేస్తాం. పూత ఇలా ముందూ వెనకా వస్తే చెట్టు మీద ఎప్పుడూ కాయ ఉంటుంది, పురుగుకి తిండి ఆగదు."

కూలీలు పని మొదలుపెడుతుంటే రమణి, "నీకు ఇంకెక్కడా చెట్లు లేవా అమ్మా?" అని అడిగింది.

"లేవు," అంది సోములమ్మ.

కింద పారే గెడ్డ వాగు అవతల, యర్రయ్య తోట వెనక, ఆమెకు ఇరవై చెట్లున్నాయి. వాటినైనా మిగుల్చుకోవాలనుకుంది.

ఉడికిన కాయలు పాతి గొయ్యి పూడ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. అయినా మనసు ఒప్పలేదు. మర్నాడు పొద్దున్నే పార తీసుకెళ్లి గొయ్యి తవ్వింది. కాయలు అక్కడే ఉన్నాయి, ఉడికి నల్లబడి. ఎవరూ ఎత్తుకుపోలేదు. మట్టి మళ్లీ కప్పి, ఎవరైనా చూశారేమోనని నాలుగు వైపులా చూసింది.

పది రోజులకు గెడ్డ దాటి దాచుకున్న చెట్ల దగ్గరికి వెళ్లింది. పండొకటి కోసి గోటితో చీల్చింది. గింజలో గసగసంత నల్ల పురుగు కదిలింది. ఇంకొకటి చీల్చింది. అందులోనూ ఉంది. అక్కణ్నుంచి యర్రయ్య చెట్లకు పది అడుగుల దూరం కూడా లేదు. అతను మాత్రం రమణి చెప్పినట్టే కాయలన్నీ దులిపేసుకున్నాడు.

ఆమె నేరుగా అతని ఇంటికి వెళ్లింది.

"గెడ్డ కాడ చెట్లకి పట్టింది. ఆ అమ్మకి సెప్పలేదు నేను," అంది.

యర్రయ్య చేతిలో పని వదిలి లేచాడు. "ఎన్నాళ్లైంది?"

"ఆళ్లొచ్చి పది రోజులు."

అతను తిట్టలేదు. లోపలికి వెళ్లి నీళ్లు మరిగించడానికి పెద్ద డేగిసా బయటికి తెచ్చాడు. "బేగి పద వదినా, ఎండెక్కకముందే."

సాయంత్రానికి ఆ ఇరవై చెట్లూ బోడిగా నిలబడ్డాయి. ఆ ఏడు సోములమ్మ ఇంటికి ఒక్క కాఫీ గింజ రాలేదు. రాగులతోనూ, కొండచీపుళ్లు కట్టి అమ్ముకునీ నెట్టుకొచ్చింది.

మార్చి వానకు చెట్లు మళ్లీ పూశాయి. కాయ కట్టినప్పటినుంచి యర్రయ్య వారానికోసారి చెప్పాపెట్టకుండా ఆమె తోటలోకి వచ్చి, నాలుగు కాయలు తెంపి చూసి పోతున్నాడు. గెడ్డ అవతలికి కూడా వెళ్తున్నాడు. సోములమ్మ అతన్ని చూస్తుంది. పార పట్టుకుని తను గొయ్యి తవ్వి చూసిన పొద్దు గుర్తొస్తుంది.