పక్క గేటున వచ్చినవారు

స్కార్‌బెక్ ఊళ్ళో మోటార్ సైకిల్ పందేలు జరిగే స్పీడ్‌వే మైదానానికి ముందువైపు ఒకటే గేటు. అది తిరిగే ఇనుప గేటు. దాని పక్కన మనిషి ఒక్కరు పట్టే చెక్క గూడు. అందులో కూర్చున్నవారు డబ్బు పుచ్చుకుని కాలికింది పెడల్ నొక్కితే తాళం వదులుతుంది. వచ్చినవారు కమ్మీని నడుముతో తోసుకుని లోపలికి పోతారు. గోడకు బిగించిన పెట్టెలో అంకె ఒకటి పెరుగుతుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ పెడల్ మీద నిలిచిన పాదం మ్యూరియల్ గార్‌బట్‌ది.

ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. తండ్రి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేశాడు. భర్త లెస్ ఆదివారాల్లో మైదానంలో ట్రాక్టరు నడిపి, పందేనికీ పందేనికీ నడుమ చెదిరిన ఎర్రమట్టిని చదును చేసేవాడు. పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం బూట్లు తొడుక్కుంటూనే కుప్పకూలి చనిపోయాడు. పిల్లలు లేరు. ఆదివారం ఉదయం ప్రార్థన మందిరం, మధ్యాహ్నం గేటు. రెండు చోట్లకూ ఒకటే కోటు, ఒకటే శ్రద్ధ. దైవసన్నిధిలో తల వంచడానికీ, వచ్చినవారి అరచేతిలో చిల్లర సరిగ్గా పెట్టడానికీ మధ్య ఆమె మనస్సు పెద్ద భేదం ఎంచలేదు.

ఆమెకు గర్వమంటూ ఉంటే అది ఒక్క విషయంలోనే. పందేలు ముగిశాక గల్లాపెట్టెలోని డబ్బునూ, గోడమీది అంకెనూ సరిపోల్చి, నల్ల అట్ట పుస్తకంలో రాసి సంతకం పెట్టేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ రెండింటికీ ఒక్కనాడూ తేడా రాలేదు.

స్కార్‌బెక్ జట్టు పెద్ద లీగులో ఎన్నడూ ఆడలేదు. అయినా బ్రేకులు లేని నాలుగు మోటార్ సైకిళ్ళు నాలుగు చుట్లు తిరగడానికి పట్టే ఆ ఒక్క నిమిషం, పై లీగులోనైనా కింది లీగులోనైనా ఒక్కటే. మలుపులో వెనుకచక్రం చిమ్మిన మట్టి టీ కప్పుల్లో పడేది. ఎవరూ కప్పు పారబోసేవారు కారు. రోజుకు పదిహేను పందేలు. ప్రతివారి చేతిలోనూ గళ్ళు గీసిన కార్యక్రమ పుస్తకం, జేబులో కలం. పందెం ముగియగానే ఎవరు మొదట వచ్చారు, ఎవరికెన్ని పాయింట్లు అన్నది గళ్ళలో నింపుకోవాలి. గడి ఖాళీగా వదిలినవాడు ఆ పందెం చూసినట్టే కాదని ఆ ఊరివాళ్ళ నిశ్చయం.

గడి ఖాళీ వదలనివాళ్ళలో మొదటివాడు స్టాన్ పికర్స్‌గిల్. ఉక్కు కర్మాగారం మూతపడేదాకా అక్కడ క్రేను నడిపినవాడు. వయసు డెబ్బై నాలుగు, కుడి మోకాలు వంగదు. భార్య ఎల్సీతో కలిసి నలభై ఏళ్ళుగా రెండో మలుపు దగ్గర ఒకే మెట్టుమీద కూర్చునేవాడు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో టికెట్ల ధరలు పెరిగాయి. పెద్దలకు పన్నెండు పౌండ్లు ఉన్నది పదిహేను అయింది. వృద్ధులకు ఏడు పౌండ్లు ఉన్నది పదమూడు అయింది. ఇంజన్ల ఖర్చు, బీమా, అంబులెన్సు అన్నీ పెరిగాయని ముందు గేటుకు ఒక కాగితం అంటించారు. మొదటి ఆదివారం స్టాన్ ఎప్పటిలాగే పద్నాలుగు పౌండ్లు కిటికీలోంచి లోపలికి తోశాడు.

“ఇద్దరు ముసలాళ్ళకి.”

“ఇరవై ఆరు, స్టాన్. ఈ ఏడాది నుంచి.”

“ముసలితనానికి రేటు పెంచారా? ముందే చెప్పుంటే కిందటేడే ముసలవ్వడం ఆపేసేవాణ్ణిగా.”

“కాగితం చదవలేదా? నీ కళ్ళెదురుగానే ఉంది.”

“చదివా. నువ్వు చెప్తే తగ్గుతుందేమోనని.”

“ధర పెట్టింది నేను కాదు.”

“నువ్వు పెట్టుంటే బేరమాడేవాణ్ణి అమ్మడూ,” అంటూ అతడు జేబు తడిమాడు. ఎల్సీ తన సంచిలోంచి మిగతాది తీసి ఇచ్చింది. కార్యక్రమ పుస్తకానికి మరి మూడు పౌండ్లు. ఆ రోజు వాళ్ళు చిప్స్ కొనలేదని మ్యూరియల్ గమనించింది.

మూడు ఆదివారాలు అలా వచ్చారు. నాలుగో ఆదివారం రాలేదు. అయిదో ఆదివారం మ్యూరియల్ తల ఎత్తి చూస్తే, గోడ అవతల రైలు పట్టాల మీది నడకవంతెనపై ఇద్దరూ కనిపించారు. ఎల్సీ మడతకుర్చీలో, ఒడిలో ఫ్లాస్కుతో. స్టాన్ కటకటాలకు ఆనుకుని, చేతిలో స్కూలు పిల్లల నోటుపుస్తకంతో. కార్యక్రమ పుస్తకంలో ఉండే గళ్ళనే స్కేలు పెట్టి తానే గీసుకున్నాడు. అక్కడినుంచి దూరపు మలుపు ఒక్కటే కనబడుతుంది. గెలిచినవారి పేర్లు మైకులో వినాలి. రైలు వస్తే అవీ వినపడవు.

“మ్యూరియల్,” అని పైనుంచి కేకవేశాడు, “మూడో ప్లేస్ ఎవరిది?”

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది. అతడు రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు రైలు వచ్చింది. నాలుగుసార్లు అతడు అడిగాడు. పై ఆదివారమూ అంతే. మొదటివాణ్ణి ఎవరైనా అడుగుతారు. మూడోవాడి ఒక్క పాయింటు కోసం వంతెనమీద నిలబడి అడిగేవాడు ఇతనొక్కడే.

జూన్ మొదటి ఆదివారం వాన. పందేలు ఆగేటంత వాన కాదు, వంతెనమీది ఇద్దరిని తడిపేటంత వాన. మ్యూరియల్ తన తాళాల గుత్తి తీసింది. అంబులెన్సూ ట్రాక్టరూ వచ్చే పక్క గేటు తాళంచెవి అందులో ఉంది. అది లెస్ వాడినది. ఆమె వెళ్ళి గేటు ఒక మనిషి పట్టేటంత తెరిచి, వంతెనవైపు చేయి ఊపింది.

డబ్బు పుచ్చుకోకుండా పెడల్ నొక్కితే గల్లాకూ అంకెకూ తేడా వస్తుంది. ఆ ఆలోచన ఆమె దరిదాపులకు కూడా రాలేదు. పక్క గేటు తెరిస్తే లెక్క చెదరదు. సగం ఖాళీగా ఉన్న మెట్లమీద ఇద్దరు కూర్చుంటే ఎవరి సొమ్ము పోతుంది?

“ఇది దొంగతనం కాదూ?” అన్నాడు స్టాన్, గేటులో అడుగు పెట్టీపెట్టకుండా.

“వానలో నిలబెట్టడం అంతకన్నా పాపం. పద. నీ మోకాలు నాకు ఉపన్యాసం చెప్పకముందే కూర్చో.”

మరుసటి వారం డబ్బాల్లో ఆహారం నింపే కానరీ మిల్లులో పనిచేసి మానేసిన బ్రాడ్‌లీ అక్కచెల్లెళ్ళు వచ్చారు. తరువాత పాత బస్సు డ్రైవరు డెస్మండ్. తరువాత పేర్లు మాత్రమే తెలిసినవాళ్ళు, పేర్లు కూడా తెలియనివాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. ఎవరూ థాంక్స్ కూడా గట్టిగా అనలేదు. ఆగస్టు నాటికి ప్రతి ఆదివారం పక్క గేటున ముప్పై అయిదుగురు దాకా లోపలికి వెళ్ళేవారు. మ్యూరియల్ నల్ల పుస్తకంలో గల్లా, అంకె ఎప్పటిలాగే కలిశాయి.

సెప్టెంబరులో, ఇంక ఒక్క ఆదివారం పందేలు మిగిలి ఉండగా, క్లైవ్ ఆర్కిల్ అందరినీ టీ షెడ్డు దగ్గరికి పిలిచాడు. జట్టును నడిపేది అతడే. నలభై ఏళ్ళవాడు. చిన్నప్పుడు మ్యూరియల్ గూటి ముందు చిల్లర చాలక ఏడ్చినవాడు. రైడర్లకు డబ్బు ఇవ్వడానికి ఆ ఏడాది తన వ్యాను అమ్ముకున్నాడు.

“దాచిపెట్టా. తప్పు నాదే,” అన్నాడు. “ఈ స్థలం మునిసిపాలిటీది. ఒప్పందంలో ఒక షరతుంది. సీజన్ మొత్తం మీద ఎనిమిది వేలమంది గేటు దాటాలి. ఇరవై ఆదివారాలు, వారానికి నాలుగు వందలు. దాటకపోతే స్థలం వెనక్కి తీసుకుంటారు. ఇప్పటికి ఏడు వేల రెండు వందల పన్నెండు అయ్యాయి.”

“అంటే ఆఖరి రోజు ఏడు వందల ఎనభై ఎనిమిది కావాలి,” అన్నాడు స్టాన్. పాయింట్లు కూడటం అలవాటైన నోరు. “చచ్చినవాళ్ళని కూడా పిలవాల్సిందే. వాళ్ళకి రాయితీ ఉందా?”

కొందరు నవ్వారు. మ్యూరియల్ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. జూన్ నుంచి పదమూడు ఆదివారాలు. ఇద్దరితో మొదలై ముప్పై అయిదు దాకా. మూడు వందల పైచిలుకు. వాళ్ళంతా ముందు గేటున వచ్చి ఉంటే, చివరి రోజుకు మామూలు ఆదివారం కన్నా కాస్త ఎక్కువ జనం చాలేవారు.

పురాణాల్లో వైకుంఠపు వాకిలి కాచినవారు వచ్చినవారిని అడ్డగించినందుకు శాపం పొందారు. అడ్డగించనందుకు శాపం తగలడం ఈమె వంతయింది.

అందరూ వెళ్ళేదాకా ఆగి ఆమె క్లైవ్‌కు చెప్పింది. దాచి బతకడం ఆమెకు రాదు. అతడు బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయాడు.

“ఎంతమంది, ఆంటీ?”

“ముప్పై అయిదు. ఒక్కోసారి నలభై.”

“పెడల్ నొక్కితే చాలేది. డబ్బు నేనడిగేవాణ్ణా మిమ్మల్ని?”

“గల్లా కలిసేది కాదు బాబూ.”

“కలవకపోతే కలవకపోయేది.” గొంతు పెంచలేదు. “ఇప్పుడు ఏం చేసినా లాభం లేదు. మునిసిపాలిటీవాళ్ళు నెలనెలా అంకె, గల్లా రెండూ సరిచూసుకున్నాకే లెక్క తీసుకుంటారు. అవి ఎప్పుడూ తప్పవని నేనే గొప్పగా చెప్పి ఒప్పించా. మీ పుస్తకం చూపించి.”

ఆమె తల ఊపింది.

“ఇంకెవరికీ చెప్పకండి,” అన్నాడు లేస్తూ. “స్టాన్‌కి అసలు చెప్పద్దు.”

చివరి ఆదివారం ఎండ కాసింది. జనం వంతెన దాకా బారులు తీరారు. పక్క ఊళ్ళనుంచి వచ్చారు. ఇరవై ఏళ్ళుగా రానివాళ్ళు వచ్చారు. స్టాన్ తన మంచి కోటు తొడుక్కుని, ఎల్సీ చేయి పట్టుకుని, ముందు గేటున వచ్చాడు. ఇరవై ఆరు పౌండ్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

“ఈ రోజు దొడ్డిదారి వద్దు,” అన్నాడు. “నేనూ ఒక అంకెనే.”

“ఒకటి కాదు, రెండు,” అంది ఎల్సీ.

మ్యూరియల్ రెండుసార్లు నొక్కింది. కిటికీలోంచి మొహం కనబడనీయలేదు.

ఎనిమిదో పందెం మొదలయ్యేసరికి బయట ఎవరూ లేరు. గోడమీది అంకె ఏడు వందల ముప్పై ఒకటి. యాభై ఏడు తక్కువ. ఆమె కాసేపు రోడ్డు వైపు చూసింది. ఒక బస్సు వచ్చి, ఆగి, ఎవరినీ దించకుండా వెళ్ళిపోయింది. లోపల ఇంజన్లు గర్జించి ఒక నిమిషానికి ఆగాయి. జనం కలాలు తీసిన నిశ్శబ్దం ఆమెకు గూటిలోంచే తెలిసింది.

అప్పుడు ఆమె పెడల్ నొక్కింది. నొక్కి, గూటిలోంచి చేయి చాచి కమ్మీని లాగింది. అది బరువుగా తిరిగింది. ఏడు వందల ముప్పై రెండు.

“స్టాన్, జూన్ మొదటి ఆదివారం,” అంది మెల్లగా. మళ్ళీ నొక్కింది. “ఎల్సీ, జూన్ మొదటి ఆదివారం.” మళ్ళీ. “బ్రాడ్‌లీ పెద్దామె. బ్రాడ్‌లీ చిన్నామె. డెస్మండ్.” పేరు తెలియనిచోట కోటు రంగు చెప్పింది, చేతికర్ర చెప్పింది. పదో పందేనికి మణికట్టు వాచింది. ఆ అంకె చెల్లదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ళు వచ్చారు. కూర్చున్నారు. గళ్ళు నింపారు. ఆ మాట ఎక్కడో ఒకచోట పడాలి.

టీ కోసం మెట్లు దిగి వచ్చిన స్టాన్ గేటుకు లోపలివైపు నిలబడి ఎంతసేపటినుంచి వింటున్నాడో ఆమెకు తెలియదు.

“ఏం చేస్తున్నావ్ అమ్మడూ?”

“నిన్ను లోపలికి పంపిస్తున్నా.”

అతడు గోడమీది అంకె చూశాడు. పక్క గేటు వైపు చూశాడు. పాయింట్లు కూడే మనిషికి ఎంతసేపు పడుతుంది? ముఖంలోని నవ్వు ఒక్కొక్క గీతగా చెరిగిపోయింది.

“మేమేనా?” అన్నాడు. “మేం రావడం వల్లేనా ఇది?”

“కాదు. నేను లెక్క రాయకపోవడం వల్ల.”

అతడు నోటుపుస్తకం కోటు జేబులో దోపుకున్నాడు. పక్క గేటున బయటికి పోయి, చుట్టు తిరిగి వచ్చి, ముందు గేటు దగ్గర నిలబడ్డాడు. “చెయ్యి తియ్యి. విరగ్గొట్టుకుంటావ్. నా ఆదివారాలు నేనే తిరుగుతా. నువ్వు నొక్కు.”

ఆమె నొక్కింది. అతడు వంగని మోకాలు ఈడ్చుకుంటూ కమ్మీని తోసుకుని లోపలికి వెళ్ళాడు. పక్క గేటున బయటికి వచ్చాడు. మళ్ళీ తోశాడు. లోపల మైకులో మూడోవాడి పేరు చెప్పారు. ఇద్దరూ వినిపించుకోలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి స్టాన్ పికర్స్‌గిల్ గళ్ళు ఖాళీగా మిగిలాయి.

పదిహేనో పందెం ముగిసేసరికి గోడమీద ఏడు వందల ఎనభై ఎనిమిది పడింది. స్టాన్ కమ్మీమీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు.

మ్యూరియల్ గల్లా లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. నల్ల పుస్తకం తెరిచి, ఏడు వందల ముప్పై ఒకటి అని రాసి, కింద సంతకం పెట్టింది.