నెవెనా ఒక్క సాయంత్రంలో ఎంచిన ప్రోగ్రాం

మా ఊరి గ్రంథాలయంలో నెవెనా పుస్తకాలు చూసుకునేది. కింది గదిలో నేను పిల్లలకు హోరో, అంటే చేతులు పట్టుకుని వలయంగా ఆడే నాట్యం, నేర్పేవాణ్ణి. ఎవరో ఎనిమిది పాత కంప్యూటర్లు ఇస్తే, వాటిలో పిల్లల కోసం ఉచిత ప్రోగ్రాములు ఎంచి పెట్టే పని ఆమె మీద పడింది. బొమ్మలు గీసేదాన్నీ, పాటలు కట్టేదాన్నీ వారం రోజులు తానే వాడి చూసి పెట్టింది. ఆటలు తయారుచేసే మూడోదాన్ని మాత్రం, పిల్లలు తెగ అడుగుతున్నారని ఒక్క సాయంత్రం చూసి పెట్టేసింది.

ఒక మంగళవారం పదేళ్ల బొర్యానా తెర ముందు కూర్చుని నవ్వుకుంటోంది. నెవెనా వెనక నుంచి చూసింది. ఆట పక్కన చిన్న గడిలో ఎవరో రాస్తున్నారు: "మీ అమ్మ ఎన్నింటికి ఇంటికొస్తుంది?"

"ఎవరే అది?"

"ఫ్రెండు, పిన్నీ. నా ఆట బాగుందన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"మా వీధి పేరు. అంతే."

నెవెనా నెట్ తీగ పీకేసి, కింది గదికి నా దగ్గరికి వచ్చింది. "స్టొయ్కో, నేనే వాణ్ణి పిల్ల పక్కన కూర్చోబెట్టాను."

"ఆ ప్రోగ్రాం తీసెయ్. ఎవరికీ చెప్పకు," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఆమె కోటు వేసుకుని నేరుగా పిల్ల తండ్రి ఒగ్న్యాన్ బేకరీకి వెళ్లింది.

అంతా విని అతను, "నీ దగ్గరైతే భయం లేదనుకున్నా గదా," అన్నాడు.

"తప్పు నాది. పిల్లనేం అనకు."

వాళ్లు పిలిపించిన పోలీసు ఆ తెర మీది మాటలన్నీ రాసుకుని, పిల్లను కాస్త కనిపెట్టి ఉండమన్నాడు. ఆ మాటతో నెవెనాకు నిద్ర పట్టకుండా పోయింది. మూడు వారాలు బొర్యానాను బడి నుంచి తానే ఇంటికి దిగబెట్టింది. ఒకరోజు బూడిదరంగు కారొకటి పక్కనే ఆగింది. నెవెనా పిల్ల చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, మణికట్టు కందిపోయింది. కారులోని మనిషి పడవల రేవుకు దారి అడిగాడు. బొర్యానాయే దారి చెప్పింది.

పిల్ల కోసం ఎవరూ రాలేదు. ఎవడు రాశాడో తెలియనూ లేదు.

తర్వాత నెవెనా ప్రోగ్రాముల కోసం మళ్లీ వెతికింది. నెట్ లేకుండా నడిచేవి, బయటివాళ్లు మాట కలపడానికి వీల్లేనివి మాత్రమే ఉంచింది. ఒగ్న్యాన్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని బల్లల వెనక నెట్ తీగ ఉందేమోనని తడిమి చూశాడు.

"ఇందులోకి ఎవడూ రాలేడు గదా?"

"నాకు తెలిసినంతవరకు రాలేడు. నువ్వూ వాడి చూడు," అంది నెవెనా.

అతను గంటసేపు కూర్చున్నాడు. బొర్యానా ఈస్టర్ తర్వాత మళ్లీ గ్రంథాలయానికి వచ్చింది. అప్పటికే సంగతి ఊరంతా తెలిసింది; మిగతావాళ్లలో ముగ్గురు పిల్లలు మాత్రం ఇక రానే లేదు. బజారులో నెవెనా ఎదురైతే వాళ్ల తల్లులు ఇప్పటికీ తల తిప్పుకుంటారు.