క్వార్టరు కోసం కలెక్టరు

ఆ రోజుల్లో దుర్గ్ పక్కన స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పులో, మా సెక్టారులో డిగ్రీ పూర్తయిన పిల్లలందరికీ కొన్నాళ్ళపాటు కలెక్టరు జబ్బు చేసేది. కొందరికి ఇంట్లోవాళ్ళు అంటించేవారు, కొందరికి దానంతటదే పట్టుకునేది. నాకెలా వచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పొద్దున్నే రాజ్యాంగం పుస్తకం తెరిచి, మధ్యాహ్నం దాని మీదే తల పెట్టి నిద్రపోయేదాన్ని. సాయంత్రం వీధిలోకి వెళితే పక్క క్వార్టరు పిన్ని "ఏటి కలెక్టరమ్మా, ఎంతవరకొచ్చింది?" అని, పొయ్యి మీద కూర గురించి అడిగినట్టు అడిగేది. (అడిగిన ప్రతిసారీ "అయిపోవచ్చింది పిన్నీ" అనేదాన్ని.)

నెహ్రూ నగర్‌లో నేను వెళ్ళే కోచింగులో ఒక మాస్టారుండేవారు. ఏం చెప్పినా హిందీలో "క్యోం?", అంటే ఎందుకు, అని అడిగేవారు కాబట్టి ఆయనకి క్యోం సార్ అని పేరు పెట్టుకున్నాం. ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఒకటి పెడతానని, దానికి ముందు ఒక కాగితం ఇచ్చి, ఈ ఉద్యోగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారో సొంత కారణం రాసుకు రమ్మన్నారు. దేశసేవ అని రాశాను. కింద ఎర్ర సిరాతో "క్యోం?" అని రాసి తిరిగిచ్చారు. పేదల అభివృద్ధి అని రాశాను. మళ్ళీ "క్యోం?" వచ్చింది. "ఏ తో సబ్ లిఖ్తే హై బేటా, అప్నీ బాత్ లిఖో" అన్నారు. అందరూ రాసేది కాకుండా నా సొంత మాట రాయమంటే, అదేమిటో నాకే తెలియదాయె.

అమ్మని అడిగాను. "సీకాకులంలో మీ పెద్దత్త ముందర తలెత్తుకు తిరగాల కదే" అంది. అది అమ్మ కారణం, నాది కాదు. నాన్నని అడిగాను. రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళుగా మూడు షిఫ్టులూ చేస్తున్న మనిషి. అమ్మ వంక చూసి, గోడనున్న క్యాలెండరు వంక చూసి, "నాకేటి తెలుస్తాది తల్లీ, సదువుతానన్నావు, సదువుకోమన్నాను" అన్నాడు. ఆ క్యాలెండరులో ఆయన రిటైరయ్యే నెల చుట్టూ అమ్మ పెన్నుతో సున్నా చుట్టి ఉంచింది. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నేను నడక నేర్చిన ఇల్లు, నాన్న స్వయంగా జామచెట్టు నాటిన ఇల్లు. అదే క్షణంలో నా కారణం దొరికింది.

ఇంటర్వ్యూ రోజున నాన్నే స్కూటరు మీద తీసుకెళ్ళి, తలుపు బయట బల్ల మీద కూర్చున్నాడు. క్యోం సార్ "క్యోం?" అనగానే, "మా నాన్న రిటైరైతే మా క్వార్టరు పోతుంది సార్, నేను కలెక్టరునైతే దాన్ని నా పేరు మీద తీసుకుంటాను" అని హిందీలో గడగడా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి, "బేటా, వో క్వార్టర్ తో ప్లాంట్ కా హై. కలెక్టర్ కా బంగ్లా దుర్గ్ మే హై" అన్నారు. క్వార్టరు ప్లాంటుదట, కలెక్టరు బంగళా ఏమో దుర్గ్‌లోనట. రాజ్యాంగంలో అధికరణాలన్నీ నాకు నోటికొచ్చు. కానీ నీళ్ళు ప్లాంటువి, కరెంటు ప్లాంటుది, బడీ ఆసుపత్రీ కూడా ప్లాంటువే అయిన ఊళ్ళో పెరిగినదాన్ని కదా, కలెక్టరు కూడా ప్లాంటులోనే జనరల్ మేనేజరుకి పైన ఎక్కడో ఉంటాడని మనసులో ఒక మూల నమ్మకం. ఆ మూలకి పుస్తకాలేవీ చేరలేదు. ప్రశ్నలడగడానికి ఆయన పక్కన కూర్చున్న మేడమ్ నవ్వాపుకోలేక గ్లాసెడు నీళ్ళు తాగింది.

తిరిగొస్తూ దారిలో నాన్న టీ బండి దగ్గర స్కూటరాపాడు.

"అంతా ఇన్నాను. ఆ క్వార్టరు నాకెందుకే? ఇన్నేళ్ళూ ఆ పొగగొట్టాలే సూసేను. నువ్వు కలెక్టరైతే పచ్చగున్న ఊరేదో ఏస్తారు, బంగళాలో మొక్కలేసుకోవచ్చనుకున్నాను."

"అడిగినప్పుడు చెప్పొచ్చుగా నాన్నా?"

"మీ అమ్మ ముందర అడిగితే ఏటి సెప్తాను? ఆ ఇల్లంటే దానికి పేణం."

ఆయన్ని ఆ ఇంట్లో ఉంచాలని నేను చదువుతున్నాను. ఆ ఇంట్లోంచి బయటపడాలని ఆయన నన్ను చదివిస్తున్నాడు. మరి నిన్నటిదాకా నేను చదివింది ఎవరి కోసమో, ఇకనుంచి ఎందుకు చదవాలో అర్థం కాలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తర్వాత రెండుసార్లు పరీక్ష రాశాను, రాలేదు. ఇప్పుడు స్మృతి నగర్‌లో అద్దెకుంటున్నాం. నాన్న డాబా మీద కుండీలో జామ మొక్క పెంచుతున్నాడు, అది కాయనని మొండికేసింది. నేను కుమ్హారిలో ఒక సర్కారు ఆఫీసులో కౌంటరు దగ్గర దరఖాస్తులు తీసుకుంటాను. అన్నిట్లోనూ 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అక్కడికొచ్చేసరికి పెన్ను గాల్లో ఆపి దిక్కులు చూసేవాళ్ళని నేనెప్పుడూ విసుక్కోను. "అది ఆఖర్న రాయండి భయ్యా" అంటాను.

మొన్న బదిలీ కోరుకునేవాళ్ళని రాయమని ఆఫీసులో నా చేతికే ఒక దరఖాస్తు ఇచ్చారు. పేరు రాశాను, ఊరు రాశాను, ఆ గడి దగ్గర పెన్ను ఆగింది. ఇంటికి తెచ్చి నాన్నకి చూపించాను.

"ఇందులో ఏటుంది? మా నాన్నకి మొక్కలెయ్యడానికి జాగా కావాలి అని రాసీ" అన్నాడు.

అలాగే రాశాను. క్యోం సార్ చూస్తే, ఈసారి ఎర్ర సిరా వాడేవారు కాదేమో.