కేబుల్లో అక్క పాఠం

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, దివిసీమలో మా ఊరికో సొంత టీవీ ఛానల్ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కేబుల్ కనెక్షన్లిచ్చే ఆయన్ని ఊరంతా మావయ్యా అనే పిలిచేవాళ్లం. పెళ్లిళ్లు తీసే కెమెరాని ఆయన తన మేడ గదిలో బిగించి, ఆదివారం పొద్దున ఒక గంట మా పక్కింటి అక్క చేత పిల్లలకి సైన్సు చెప్పించేవాడు. అక్క బందరులో బీయస్సీ చదివింది. ఆ గంటంటే ఆమెకి ప్రాణం.

అక్క చెప్పే తీరే వేరు. పగటిపూట సముద్రం మీంచి గాలి ఎందుకొస్తుందో చెప్పాలనుకోండి, ఒక పళ్లెంలో ఇసుక, ఒక పళ్లెంలో నీళ్లు ఎండలో పెట్టమనేది. కాసేపయ్యాక, వెళ్లి తాకి రండి, నేనిక్కడే ఉంటానని చెప్పి, కెమెరా ముందు నోరు మూసుకుని కూర్చునేది. మేం వాకిట్లోకి పరుగెత్తేవాళ్లం. ఇసుక చురుక్కుమనేది, నీళ్లు చల్లగానే ఉండేవి. తిరిగొచ్చేసరికి టీవీలో అక్క మాకోసమే చూస్తూ ఉండేది.

మావయ్యకి ఆ కూర్చోవడమే గిట్టేది కాదు. అంతసేపు బొమ్మలా కూర్చుంటే జనం ఛానల్ మార్చేస్తారమ్మాయ్, ఆ సందులో ఒక సినిమా పాట వేద్దామన్నాడు. ఎక్కువమంది చూస్తే మంచిదేగా అని అక్క సరేనంది. పాట పడింది, జనం పెరిగారు. తర్వాత జోకులొచ్చాయి, ఫోన్ చేసినవాళ్లకి బహుమతులొచ్చాయి, తెర కింద బట్టల కొట్టు ప్రకటన పరుగెత్తింది. ఆర్నెల్లు తిరక్కుండా అక్క అవనిగడ్డ బజారుకెళ్తే జనం ఆపి మరీ పలకరించేవాళ్లు. నిజం చెప్పొద్దూ, మాకూ అప్పుడే బాగా నచ్చింది.

ఒక సోమవారం సాయంత్రం అక్క పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టింది. ఒకే బరువు వేసిన పడవ కృష్ణలో కంటే సముద్రంలో పైకి ఎందుకు తేలుతుందన్నది ముందురోజు పాఠం. దానికోసం గ్లాసు నీళ్లలో కోడిగుడ్డు వేసి చూపించింది కూడా.

"నిన్న ఏం చెప్పానర్రా?" అంది.

"మునిగితే పులుసు, తేలితే అట్టు!" అని అక్క వేసిన జోకుని అక్కకే అప్పజెప్పాం. మధ్యలో వచ్చిన పాట కూడా పాడాం. అక్క మాతో కలిసి నవ్వింది. నవ్వి, మరి పడవ సంగతేంటని అడిగింది. ఏ పడవక్కా అన్నాం. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మమ్మల్నేమీ అనలేదు. మీ తప్పు కాదులెండర్రా అని లోపలికెళ్లిపోయింది.

ఆ పై ఆదివారం మళ్లీ అదే గుడ్డు, అదే గ్లాసు. పాటల్లేవు. మామూలు నీళ్లలో ఒకసారి, ఉప్పు కలిపి ఒకసారి వేసి చూడండి, నేనాగుతానంది. ఆగింది. వెనకనుంచి మావయ్య "ఏదో ఒకటి మాట్లాడమ్మా!" అని బతిమాలడం ఊరందరికీ వినపడింది. మా నాన్న కేబులు పోయిందనుకుని టీవీ నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. నేను మాత్రం ఉప్పుజాడీ లాక్కుని, నానమ్మ కేకలేస్తున్నా వినకుండా గుప్పెళ్లతో గ్లాసులో పోశాను. అడుగున పడుకున్న గుడ్డు మెల్లగా లేచొచ్చింది. సముద్రం నీళ్లూ ఉప్పునీళ్లే కదా, పడవనీ ఇలాగే ఎత్తి పట్టుకుంటాయన్నమాట! ఎవరూ చెప్పకుండానే తెలిసేసరికి నాకు ఒళ్లు పులకరించింది.

మరుసటి వారం నుంచి ఆ గంటలో పాఠం తీసేసి, ఫోన్ చేసి అడిగినవాళ్లకి అడిగిన పాటలు వేశారు. మావయ్యని తిట్టుకోవడానికేం లేదు. నెలనెలా డబ్బులిచ్చే ఊరు ఏదడిగితే అదే పెట్టాడు. అడిగింది మనమే. అక్క మాత్రం చాన్నాళ్లు మనిషి మనిషిలా లేదు పాపం.

ఇప్పుడు మా పిల్లలు ఫోన్లో ఏదో చూసి భలే ఉందమ్మా అంటే లాక్కోను. మర్నాడు తీరిగ్గా, నిన్నటిదాంట్లో ఏముందర్రా అని అడుగుతాను. నవ్వేసి పారిపోతారు. మొన్న అలాంటి వీడియో ఒకటి నాకే తెగ నచ్చింది, కనపడిన ప్రతివాళ్లకీ చూడమని చెప్పాను. మర్నాడు అదే ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. ఎంత ఆలోచించినా అందులోని పాట తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.