కొరికిన భుజం

మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళం. పెద్దావిడను నేను అక్కా అంటాను, వర్క్‌షాపులో అందరూ బిగువక్క అంటారు. బొమ్మల కీళ్ళ బిగువు చూడటం తన పని కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ నమ్మకం. మొహం చూసి పెట్టారని నా నమ్మకం. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. తెలిస్తే పక్కన చేరి తప్పులు దిద్దుతుంది కాబట్టి ఆవిడ ఇంట్లో లేనప్పుడే రాస్తున్నాను.

మేం చేసేవి రోబో బొమ్మలు. విప్పితే మనిషి, మడిస్తే బండి. పిల్లల కంటే పెద్దవాళ్ళే వీటికోసం పడి చస్తారు. అద్దాల బీరువాల్లో పెట్టుకుని, దుమ్ము పడితే మెత్తటి బ్రష్షుతో తుడుచుకుంటారు. అసలు బొమ్మలు చేసే పెద్ద కంపెనీ వేరే ఉంది. వాళ్ళ బొమ్మ ఒకటి కొని, ముక్కలుగా విప్పి, ఆ ముక్కలకు అచ్చులు తీసి, అలాంటివే పోసి అమ్మడం మా పని. అనుమతి లేదు, పాడూ లేదు. పెట్టె మీద అసలు పేరు వేసే ధైర్యం కూడా లేక మా ఓనరు 'క్రేను వీరుడు' అని ఏదో ఒకటి రాయిస్తాడు. ముసుగులో గుద్దులాట ఎందుకు, అది దొంగ సరుకే.

టైర్ల దుకాణం పైన మా వర్క్‌షాపు. కింద రబ్బరు వాసన, పైన కరిగిన ప్లాస్టిక్ వాసన. కిటికీ దగ్గర బల్ల అక్కది. పిన్ను కొట్టి, కాలు ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. నచ్చితే కుడి బుట్టలో, నచ్చకపోతే ఎడమ బుట్టలో పడేస్తుంది. పక్కన నేను స్టిక్కర్లు అంటించి పెట్టెల్లో సర్దుతాను.

అక్క కూతురికి పళ్ళు వచ్చే వయసులో చూసేవాళ్ళు లేక దాన్ని పనికి తెచ్చుకుని బల్ల కింద దుప్పటి మీద వదిలేది. ఓనరు ఎక్కడెక్కడో తిరిగి ఒక అసలు క్రేను బొమ్మ సంపాదించాడు. అచ్చు తీయడానికి విప్పి పెడితే, ఈ పిల్ల పాక్కుంటూ వెళ్ళి మెత్తగా ఉన్న కుడి భుజం ముక్కను కసుక్కున కొరికింది. ఎవరూ చూడలేదు. అచ్చు తీశాం, పోశాం, పెట్టెలు కట్టి పంపేశాం. సరుకు చాలావరకు వెళ్ళిపోయాక, కొన్నవాళ్ళలో ఒకాయన నుంచి కబురొచ్చింది, మీ బొమ్మలన్నిటి భుజాల మీదా రెండు గాట్లు ఎందుకున్నాయని. అక్క ఒక బొమ్మ తీసి చూసింది. తర్వాత కూతురి నోరు తెరిచి చూసింది.

"మీ దాని పనే కదూ?" అన్నాడు ఓనరు.

"పిల్లకి ఆకలేసింది. మీరు మధ్యాహ్నం సెలవిస్తేగా?" అంది అక్క. వినయం అన్నది ఆవిడ ఒంట్లో లేదు.

కొత్త అచ్చుకు స్తోమత లేక అలాగే సాగించాం. మా సరుకుకు అదే గుర్తయింది. కొనేవాళ్ళు 'కొరికిన భుజం బొమ్మ' అని అడిగి మరీ తీసుకునేవారు.

కొరికిన పిల్ల పెద్దదై కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగంలో చేరింది. ఎవరైనా అడిగితే మా అమ్మ ప్లాస్టిక్ కంపెనీలో పని చేస్తుందని చెప్పేది. ఒకరోజు అన్నం దగ్గర అక్క నిలదీసింది.

"బొమ్మలు చేస్తుందని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"ఏం బొమ్మలమ్మా? ఒకళ్ళు చేసినవే కదా మీరు మళ్ళీ చేసేది. నకిలీ బొమ్మలు చేస్తుందని చెప్పనా?"

ఆ వారమంతా ఎడమ బుట్ట నిండిపోయింది. ఒకనాడు నాతో అంది. "నా చేత్తో చేసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అది నకిలీ అనకుండా ఉండాలి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు." ఆవిడ గురక వినిపించే ఇంట్లోనే నేనూ పడుకుంటాను గాని, ఆ మాటలో బాధ మాత్రం నిజం.

అదే సమయంలో ఓనరుకు పెద్ద ఆశ పుట్టింది. క్రేను బొమ్మను ఒకటిన్నర రెట్లు పెంచి పోయించాడు. బొమ్మతో పాటు గాట్లూ పెరిగాయి. చూడటానికి రాజాలా ఉంది, నిలబెడితే మాత్రం మోకాళ్ళు వంచి చతికిలపడింది. బరువు మూడింతలు దాటింది, మోకాలి పిన్నుకు ఆ పట్టు లేదు. వీపు మీద క్రేను చెయ్యి ఒకటి వెనక్కి గుంజుతోంది. బొమ్మలు సేకరించేవాళ్ళ ప్రదర్శనలో అప్పటికే బల్ల తీసుకున్నాడు ఓనరు. తల పట్టుకున్నాడు.

"మోకాలు నేను చేస్తాను. మీరెవరూ వేలు పెట్టకండి," అంది అక్క.

ఇంటికి రాగానే మా మామగారి పడక్కుర్చీ మీద పడింది. వెనక కర్రను ఏ గాడిలో వేస్తే అక్కడ ఆగే కుర్చీ అది. ఆయన చాప మీద కూర్చుని, "నేను పోయాక విప్పుకోవచ్చు కదమ్మా," అంటున్నా వినకుండా ఊడదీసింది. అలాంటి గాడులతో చిన్న పళ్ళ చక్రం కోసి, దాన్ని స్ప్రింగుతో నొక్కిపెట్టింది. నిలబడటానికి బాగానే ఉంది గాని, క్రేనుగా మడవాలంటే కాలు మొరాయించింది. ఇంకెవరైనా ఐతే అక్కడ వదిలేసేవారు. మా అక్క మోకాలి చిప్పనే మీట చేసింది. చిప్ప పైకి తోస్తే పళ్ళు వదిలేస్తాయి, కాలు మడుస్తావు. చిప్ప దించితే పట్టేస్తాయి, బొమ్మ నిలబడుతుంది. పళ్ళ చక్రం కొత్తగా కనిపెట్టిందని నేననను. ఆ చిప్ప మాత్రం అసలు బొమ్మలో లేదు, ఏ బొమ్మలోనూ నేను చూడలేదు. మామగారి కుర్చీ ఇప్పటికీ సరిగ్గా ఆగదు.

అచ్చు వేసేముందు ఓనరు భుజం మీది గాట్లు పూడ్పిద్దామన్నాడు. "ముట్టుకున్నారంటే నేను రేపట్నుంచి రాను," అంది అక్క.

ప్రదర్శనలో చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్న ఒక పెద్దమనిషి మా బొమ్మను ఒంటికాలి మీద నిలబెట్టి, క్రేను చెయ్యి బాగా పైకెత్తి, టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే అలాగే నిలబడి ఉంది.

"ఈ మోకాలు అసలుదానికి లేదే?" అన్నాడు.

"లేదు. ఇది నాది," అంది అక్క, ఓనరు నోరు తెరిచేలోపే.

తెచ్చిన పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఇంటికొచ్చి కూతురికి చెప్పింది. అది మోకాలు ఆడించి చూసి, "బాగుందమ్మా," అని, కాస్త ఆగి, "అయినా బొమ్మ వాళ్ళదే కదా," అంది. అబద్ధం కాదు. కాకపోవడం వల్లే అక్క ఆ పూట సరిగ్గా తినలేదు.

కొన్ని నెలలకు నా కళ్ళజోడు కాడ విరిగితే పిల్ల దుకాణానికి వెళ్ళాను. కాడ బిగిస్తూ అది ఎదుటి బొమ్మల కొట్టు అద్దంలోకి చూసి ఆగిపోయింది. స్క్రూడ్రైవరు చేతిలోనే పట్టుకుని అటు నడిచింది. ఒంటి కాడ జోడుతో నేనూ వెనకే పరుగెత్తాను.

"ఈ క్రేను బొమ్మ ఎక్కడిది?" అని అడిగింది.

"తీసుకోమ్మా, మంచి బొమ్మ. మోకాలు చూడు, చిప్ప ఎత్తితే..."

"ఇది నకిలీ."

కొట్టతను నవ్వాడు. "ఇవన్నీ నకిలీవే తల్లీ."

"అలా కాదు. ఇది మా అమ్మ బొమ్మకి నకిలీ. మోకాలు మా అమ్మ చేసింది. ఎవరో మా అమ్మ మోకాలు ఎత్తుకొచ్చి అచ్చేశారు!"

దాని గొంతు ఎంత లేచిందంటే బేరం చేసేవాళ్ళు ఆగి చూశారు, దాని దుకాణం వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"మీ అమ్మ చేసిందని రుజువేంటమ్మా?"

పిల్ల బొమ్మ కుడి భుజం తిప్పి అతని మొహం ముందు పెట్టింది. మా అచ్చు మీద మళ్ళీ అచ్చు తీసినందుకు గాట్లు అరిగిపోయి ఉన్నాయి, కానీ ఉన్నాయి.

"ఈ పళ్ళు నావి," అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అంగట్లో నిలబడి అంత గర్వపడతానని నేను అనుకోలేదు.

ఆ బొమ్మ కొని ఇంటికి తెచ్చి అక్క ముందు పెట్టింది. అక్క చిప్ప ఎత్తి దించింది, చెవి దగ్గర పెట్టుకుని వింది. "నాసిరకం స్ప్రింగు. ఎడమ బుట్ట," అంది. మమ్మల్ని కాపీ కొట్టారన్న కోపం మొహంలో ఎక్కడా లేదు.

"కొట్టువాడితో పోట్లాడిందంట కదా? ఏమంది?" అని నన్నడిగింది, ఎవరో అప్పటికే చెవిన వేసినట్టున్నారు. పిల్ల సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది. నేను మొత్తం చెప్పాను.

వదులుగా ఉన్న ఆ మోకాలిని వేలితో పట్టుకుని, ఎప్పుడూ ఒక మాట రెండుసార్లు అడగని మా అక్క, "మా అమ్మ చేసింది అందా? మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను.

"గట్టిగానే అందా?"