కర్పూర తులసి పెండ్లి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేవి మా బాపు మోకాళ్ళు. తెల్లవారుజామున ఆయన మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతుంటే ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడుకే మేం కళ్ళు తెరిచేవాళ్ళం.

మెట్‌పల్లి దగ్గర మా సాలెవాడలో అప్పట్లో అన్నీ గుంట మగ్గాలే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, పొద్దంతా చెక్కలు తొక్కుతూ కూర్చోవాలి. వానలు పడితే గుంటలో చెమ్మ ఊరేది. నలభై నిండకుండానే మా బాపు ఆ గుంటలోంచి తనంతట తాను పైకి రాలేని స్థితికి వచ్చాడు. బువ్వ వేళకు మా అవ్వ వెళ్ళి, చంక కింద చెయ్యి వేసి లేపాల్సి వచ్చేది. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం మేం. ఆ యేడు ఆమె చంకలో మా చంటి తమ్ముడు కూడా ఉండేవాడు. వాణ్ని నాకు ఇచ్చి, బాపును ఎత్తి, మళ్ళీ వాణ్ని తీసుకునేది. బాపు కాళ్ళు పూర్తిగా బిగుసుకుపోయిన రోజు మగ్గం ఆగుతుందని, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

మా మేనమామ ఆసిఫాబాద్ అవతల ఒక అడవి నర్సరీలో మాలీగా పనిచేసేవాడు. ఆ యేడు తొలి వానలకు ఆయన తడి గోనెసంచిలో చుట్టి కొన్ని కొమ్మలు తెచ్చాడు. కర్పూర తులసి అన్నాడు. ఆకు నలిపితే కర్పూరం వాసన ముక్కుకు గుప్పున కొట్టింది. జానెడేసి కొమ్మలు కత్తిరించి, కింది ఆకులు దూసేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్టు పెరటి గోడ నీడన నాటాడు. ఆవిరి పట్టి ఆకు నుంచి నూనె తీసే పద్ధతి కూడా చెప్పాడు. అది విని మా నాయనమ్మ, ఇప్పసారా కాసినట్టే ఉందే అని నవ్వింది. పోయేముందు ఆయన మా అవ్వకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "గిది పూజకు కాదక్కా, మందుకు. మంచిగ పెంట ఎయ్యి. గుబురుగ పెరిగినంక కొయ్యి. బావ కాళ్ళకు పనికొస్తది."

మూడు వారాలకు కొమ్మలు వేళ్ళు పట్టాయి. కానీ పేరులో తులసి ఉంది. మా అవ్వ వాటిని పెరట్లోంచి తవ్వి ఇంటి ముందుకు మార్చింది. చుట్టూ అలికి ముగ్గు పెట్టింది. రోజూ స్నానం చేసి పసుపు నీళ్ళు పోసి మొక్కేది. వాడకట్టు ఆడవాళ్ళు కూడా కుంకుమ భరిణెలు పట్టుకొని రావడం మొదలుపెట్టారు. మామ మాట గుర్తుండి నేనొకనాడు ఎరువుకని గొల్లవాళ్ళ దొడ్డి నుంచి గంపెడు గొర్రె పెంట ఎత్తుకొస్తే, పక్కింటి పెద్దమ్మ గడప దగ్గరే నన్ను ఆపేసింది. "ఏందే పోరీ, తులసమ్మ మొదట్ల పెంట పోస్తవా? కండ్లు పోతయ్!" గంప పెరట్లో మూలకు చేరింది. మొక్కలు పసుపు నీళ్ళతోనే బతికాయి. బతికాయంటే, చావలేదు, అంతే. మోకాలెత్తు పెరిగి, పాలిపోయిన ఆకుతో, ఉన్న సత్తువంతా పూత మీద పెట్టి నిలబడ్డాయి.

కోయడానికి బాపు కూడా ఒప్పుకోలేదు. "తల్లిని కోసి కాళ్ళకు రాసుకుంటనా? గీ మోకాళ్ళు ఉంటె ఉంటయ్, పోతె పోతయ్" అని మళ్ళీ గుంటలోకి దిగాడు. నాయనమ్మ, కొడుకు గుంటలోకి దిగుతూ గోడ పట్టుకోవడం చూస్తూ కూర్చుంది.

కార్తీకం వచ్చింది. తులసి పెండ్లి మనమే చేద్దామని నాయనమ్మ ముందుకు వచ్చింది. ఎప్పుడూ పూజల జోలికి పోని మనిషి అంత ఉత్సాహం చూపితే అందరికీ వింతగానే అనిపించింది. ఉసిరి కొమ్మ తెచ్చి పెండ్లికొడుకుగా మొక్కల పక్కన గుచ్చింది. మగ్గం మీద కోసిన చీర చివర మిగిలిన ఎర్ర పేలిక తెచ్చి రెంటికీ కలిపి ముడి వేసింది. తలంబ్రాలు పోసింది. ఆడవాళ్ళు పాటలు పాడి, పుట్నాలు బెల్లం తిని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ కొడవలి పట్టుకొని ఆ మొక్కల ముందు కూర్చుంది. మా అవ్వ నూలు కండెలు చుట్టడం ఆపి, తమ్ముణ్ని చంకనేసుకొని పరుగెత్తుకొచ్చింది. పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె వెనక మరో నలుగురు వచ్చారు. నాయనమ్మ తొణకలేదు.

"ఇన్నొద్దులు గిది మనింటి బిడ్డ. నిన్న పెండ్లి జేసినం గద, ఇగ కోడలు. బిడ్డతోని పని జేయిస్తె పాపం. కోడలితోని జేయిస్తె పాపమని ఏ శాస్త్రంల ఉన్నదో జెప్పుర్రి!"

అందరూ పగలబడి నవ్వారు. "అమ్మో, గీ ముసల్ది దేవుణ్ని గూడ ఒప్పిస్తది!" అంది పెద్దమ్మ. నేనూ నవ్వాను. నవ్వుతూ మా అవ్వ వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. కోపంగా కూడా లేదు. చంకలో తమ్ముణ్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకొని, చాలా మెల్లగా అంది.

"కొయ్యి అత్తమ్మా. గని, వచ్చినప్పటిసంది దానికి పసుపు నీళ్ళు తప్ప ఏం పెట్టినం? ముందుగాల ఇంత బువ్వ పెట్టు. కోడలైనా తింటేనే గద పని జేసేది."

నవ్వులు ఆగిపోయాయి. మా అవ్వ అందరికంటే చివర, పొద్దు వాలాక, కుండ అడుగు గీకి తింటుందని ఆ వాడలో తెలియనివాళ్ళు లేరు. తెలిసినా అది చెప్పుకోదగ్గ విషయమని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే అందరూ అలాగే తినేవాళ్ళు. నాయనమ్మ కూడా ఒకప్పుడు అలాగే తిని ఉంటుంది. ఆమె కొడవలిని నేల మీద పెట్టింది. తర్వాత లేచి, పెరట్లో మూలనున్న నా గంపను తానే ఎత్తుకొచ్చింది. నాలుగు నెలలు వానకు నాని, ఎండకు మాగి, ఆ పెంట నల్లటి మట్టిలా అయింది. నాతో మొదళ్ళ చుట్టూ తవ్వించి, పూత తుంచేసి, ఆ ఎరువు పోసి మన్ను కప్పింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బాపు ఇంకా గుంటలో ఉండగానే నాయనమ్మ కంచం పెట్టి మా అవ్వను పిలిచింది. అవ్వ కూర్చోలేదు, ఆయన తిననీ అంది. "వాడు వచ్చేదాక నీ కడుపు ఆగుతదా? కూసో అన్న గద" అని కసురుకుంది నాయనమ్మ. మా అవ్వ కూర్చుంది. మగ్గం చప్పుడు వైపు చెవి పెట్టి, ఎవరి ఇంట్లోనో దొంగతనంగా తింటున్నట్టు నాలుగు ముద్దలు గబగబా మింగి లేచింది. ముందుగా తినడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని నాకు అప్పుడు తెలిసింది. అది రోజూ జరిగిందని చెప్తే అబద్ధం. అప్పుడప్పుడు జరిగింది.

ఇరవై రోజులకు మొక్కలు గుబురెక్కాయి. జానెడు మోడు మిగిల్చి నాయనమ్మే కోసింది. ఆకును నీడన వాడ్చి, మామ చెప్పినట్టే కుండలో నీళ్ళకు పైన పేర్చి, మూతకు వెదురు గొట్టం దూర్చి, చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెట్టింది. ఆ గొట్టంలోంచి ఆవిరి చల్లబడి రెండో కుండలోకి దిగింది. నీళ్ళ మీద పలచటి నూనె తేలింది. గొట్టం మూతికి తెల్లటి పలుకులు అంటుకున్నాయి. దాన్ని నువ్వుల నూనెలో కలిపి, గోరువెచ్చగా చేసి బాపు మోకాళ్ళకు రాసేవాళ్ళం. ఆయన కాళ్ళు కుదురుకోలేదు. కానీ ఆ చలికాలం కొన్ని రోజులు ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుంటలోంచి పైకి వచ్చాడు. కోసిన ప్రతిసారీ మొదట్లో గంపెడు ఎరువు వేసి, నెల గడిచేదాకా ఆ మొక్కల వైపు కొడవలి పోనిచ్చేవాళ్ళం కాదు.

బాపు, అవ్వ, నాయనమ్మ ఇప్పుడు లేరు. నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి, లేవాలంటే గోడ కావాలి. ఇంట్లో పనికి వచ్చే పిల్లను తిన్నావా అని అడగందే చీపురు అందుకోనివ్వను. ఆమె తిన్ననే అంటుంది. మా అవ్వను అడిగినా అదే అనేది. అందుకే ఆ మాట విన్నాక కూడా కంచం పెడతాను.